స్పోర్ట్స్ కారు సస్పెన్షన్ మార్చాలా, కంపెనీదే ఉంచాలా? దశలవారీగా తేల్చుకునే పద్ధతి

స్పోర్ట్స్ కారు కొన్న కొన్నాళ్లకే చాలామంది చూపు సస్పెన్షన్ (చక్రాలకూ కారుకూ మధ్య ఉండే స్ప్రింగులు, షాకుల ఏర్పాటు) మీద పడుతుంది. రంగురంగుల స్ప్రింగులు, టక్ టక్‌మని తిరిగే నాబ్‌లు చూస్తే చేయి ఊరుకోదు. ముందు పార్టులు కొనేసి, తర్వాత కారణం వెతుక్కునేవాళ్లే ఎక్కువ. ఇక్కడ ఆ వరుసను తిరగేద్దాం. కారుతో ఇబ్బందేమిటో ముందు తేల్చుకుని, ఆ తర్వాతే పార్టుల దగ్గరికి వద్దాం. నా అభిప్రాయం మొదట్లోనే చెప్పేస్తాను: రోజూ రోడ్డు మీద నడిపే కారుకు చాలావరకు కంపెనీ సస్పెన్షనే మేలు. మార్చక తప్పని సందర్భాలు కూడా ఉన్నాయి, అవి ముందు ముందు వస్తాయి.

మొదటి దశ: ఫిర్యాదు రాసుకోండి

"హ్యాండ్లింగ్ బాగాలేదు" అని రాసుకుంటే లాభం లేదు. కారు ఎక్కడ, ఎప్పుడు, ఏం చేస్తోందో రాయాలి. మలుపు మధ్యలో స్టీరింగ్ ఇంకా తిప్పినా ముందు భాగం బయటికే జారుతోందా? మలుపులో యాక్సిలరేటర్ వదిలితే వెనక భాగం తేలిపోతోందా? వేగంలో ఒక ఎత్తుపల్లం దాటాక కారు రెండు మూడుసార్లు ఊగి గానీ కుదురుకోవడం లేదా? గుంతలో దబ్‌మని కొడుతోందా? లేక చక్రానికీ మడ్‌గార్డ్‌కూ మధ్య ఖాళీ ఎక్కువగా ఉండి చూడటానికి బాగోలేదా? చివరిది కూడా కారణమే, సిగ్గుపడాల్సిన పనిలేదు. కాకపోతే అందం కోసం కొనే పార్టులు వేరు, ట్రాక్‌లో ల్యాప్ టైమ్ కోసం కొనేవి వేరు. రెండూ ఒకటే అని మనల్ని మనం నమ్మించుకున్నప్పుడే డబ్బు వృథా అవుతుంది.

రెండో దశ: సస్పెన్షన్ అరిగిపోయిందేమో చూడండి

పాత కారు కొన్నవాళ్లు ఈ దశను దాటేయకూడదు. షాక్ అబ్జార్బర్లు (స్ప్రింగు ఊపును అణచేవి) ఒక్క రోజులో చెడిపోవు, నెమ్మదిగా బలం తగ్గిపోతాయి. రోజూ నడిపే మనిషికి ఆ తేడా తెలియదు. అరిగిపోయిన కంపెనీ షాకులు తీసేసి కొత్త ఆఫ్టర్‌మార్కెట్ (బయటి బ్రాండ్) సెట్ వేస్తే కారు అద్భుతంగా అనిపిస్తుంది. ఆ అద్భుతంలో ఎంత భాగం బ్రాండ్‌ది, ఎంత భాగం కొత్తదనానిదో ఎవరూ విడదీసి చూడరు. నెట్‌లో కనిపించే పొగడ్తల్లో సగం ఇలా పుట్టినవేనని నా అనుమానం.

కారును లిఫ్ట్ మీద పెట్టి చూడండి. షాక్ బాడీ మీద ఆయిల్ కారిన చారలు, చీలిన రబ్బరు బుష్‌లు (కీళ్ల దగ్గరి తొడుగులు), ఆడుతున్న బాల్ జాయింట్లు, లింక్ రాడ్లు, ముక్కలుగా రాలిపోతున్న బంప్ స్టాప్‌లు (షాకు చివరిదాకా నొక్కుకుపోకుండా ఆపే ముక్కలు) వెతకండి. టైరు ట్రెడ్ ఎత్తుపల్లాలుగా, గిన్నెలు తోడినట్టు అరిగి ఉంటే షాకు మీద అనుమానం పడాల్సిందే. కారు మూలను చేత్తో నొక్కి వదిలి చూసే పరీక్షకు పెద్ద విలువ లేదు. పూర్తిగా చచ్చిపోయిన షాకును అది పట్టిస్తుంది, సగం బలం పోయినదాన్ని పట్టించదు. అరుగుదల కనబడితే ముందు కంపెనీ షాకులు, బుష్‌లు, మౌంట్లు (షాకును బాడీకి పట్టి ఉంచేవి) కొత్తవి వేయించి, అప్పుడు కారు ఎలా ఉందో చూడండి. చాలామంది కథ ఇక్కడే ముగుస్తుంది.

మూడో దశ: టైర్లు, అలైన్‌మెంట్

పట్టు ఇచ్చేది టైరు. సస్పెన్షన్ చేసేదల్లా ఆ టైరును రోడ్డుకు సరిగ్గా ఆనించి ఉంచడమే. 2012లో వచ్చిన టొయోటా 86 కారుకు కంపెనీ కావాలనే మిషెలిన్ ప్రైమసీ లాంటి మామూలు రోడ్డు టైర్లు వేసింది, తక్కువ వేగంలోనే కారు సరదాగా జారాలని. దానికి మంచి స్పోర్ట్స్ టైర్లు వేస్తే వచ్చే తేడా, ఏ కాయిలోవర్ (ఎత్తు మార్చుకోగల స్ప్రింగు, షాకు కలిసిన సెట్) వేసినా రాదు. మీ కారు టైర్లు గట్టిపడి, పాతబడి ఉంటే సస్పెన్షన్ బడ్జెట్‌ను ముందు అటు మళ్లించండి.

తర్వాత అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాలు. కంపెనీ ఇచ్చే క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం వాలు) టైరు సమంగా అరగడానికి, తెలియని డ్రైవరు చేతిలో కూడా కారు ముందు భాగమే ముందుగా జారి భద్రంగా ఉండటానికి సెట్ చేసి ఉంటుంది. కారు అనుమతిస్తే ముందు చక్రాలకు కాస్త నెగటివ్ క్యాంబర్ (చక్రం పై అంచు లోపలికి వాలడం) పెంచితే అండర్‌స్టీర్ (మలుపులో ముందు భాగం బయటికి జారడం) గట్టిగానే తగ్గుతుంది. రోడ్డు మీదే నడిపే కారుకు 1 నుంచి 1.5 డిగ్రీల నెగటివ్ దాకా ఇబ్బంది ఉండదు. ట్రాక్‌కు వెళ్లేవాళ్లు 2 నుంచి 3 డిగ్రీల దాకా వెళ్తారు. టైరు లోపలి అంచును తొందరగా తినేసేది క్యాంబర్ కన్నా ఎక్కువగా తప్పు టో (పై నుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం). కాబట్టి క్యాంబర్ మార్చిన ప్రతిసారీ టో మళ్లీ సరిచేయాలి. చాలా కార్లలో ముందు క్యాంబర్ సర్దుబాటు ఉండదు. అలాంటప్పుడు క్యాంబర్ బోల్టులు గానీ, షాకు పైన క్యాంబర్ ప్లేట్లు గానీ కావాలి. మొత్తం సస్పెన్షన్ మార్చడంతో పోలిస్తే అది చిన్న ఖర్చు.

నాలుగో దశ: వదులుకునేదేమిటో తెలుసుకోండి

కంపెనీ సస్పెన్షన్ అనగానే చవక పార్టు అనుకోకూడదు. ఒక్క డ్రైవరు ఉన్నా, సామానుతో నిండినా, వానలో, చలిలో, పాడైన రోడ్డు మీద ఒకే కారు నమ్మకంగా నడవాలని స్ప్రింగు, షాకు, బుష్, బంప్ స్టాప్ అన్నీ కలిపి చూసుకుని తయారు చేస్తారు. ఈ రోజుల్లో చాలా కార్లలో బంప్ స్టాప్ చివర్లో తగిలే రబ్బరు ముక్క మాత్రమే కాదు, మలుపులో కారు ఒరగగానే పనిచేయడం మొదలుపెట్టే రెండో స్ప్రింగు లాంటిది. స్టెబిలిటీ కంట్రోల్ (కారు అదుపు తప్పకుండా చూసే ఎలక్ట్రానిక్ వ్యవస్థ), ఏబీఎస్ కూడా ఆ సెట్టింగుకు తగ్గట్టే ట్యూన్ అయి ఉంటాయి.

కొన్ని కార్లలో కంపెనీ ఇచ్చిందే చాలా పై స్థాయి సరుకు. మాజ్డా ఎంఎక్స్-5 కొన్ని వేరియంట్లు బిల్‌స్టీన్ డ్యాంపర్లతోనే (షాకులకే ఇంకో పేరు) వస్తాయి. 2014 షెవ్రోలే కమారో జెడ్/28కు మల్టీమాటిక్ కంపెనీ వారి స్పూల్ వాల్వ్ డ్యాంపర్లు వేశారు. రేసింగ్ నుంచి వచ్చిన టెక్నాలజీ అది. ఇలాంటి కారులో మధ్య రకం కాయిలోవర్ వేస్తే స్థాయిలో కిందికి దిగినట్టే.

మీ కారులో ఎలక్ట్రానిక్ డ్యాంపర్లు ఉంటే ఇంకా ఆలోచించాలి. మాగ్నెరైడ్ లాంటి వ్యవస్థలో షాకులోని ద్రవంలో సన్నని ఇనుప రేణువులుంటాయి. అయస్కాంత క్షేత్రం మారగానే ఆ ద్రవం చిక్కబడుతుంది, కొన్ని మిల్లీసెకన్లలోనే. 2002లో కాడిలాక్ సెవిల్ ఎస్‌టీఎస్‌తో ఇది రోడ్డు మీదికొచ్చింది. దీన్ని తీసి మామూలు షాకు వేస్తే డాష్‌బోర్డులో హెచ్చరిక లైటు వెలుగుతుంది, దాన్ని ఆపడానికి విడిగా మాడ్యూల్ కొనాలి. కంఫర్ట్, స్పోర్ట్ అని మీట నొక్కి మార్చుకునే సౌకర్యం పోతుంది. రోడ్డు కారులో ఆ సౌకర్యం పోగొట్టుకోవడం నాకైతే నచ్చదు. కావాలంటే ఎలక్ట్రానిక్ షాకులను అలాగే ఉంచి, వాటికి సరిపడేలా చేసిన స్ప్రింగులు మాత్రమే మార్చే మార్గం ఉంది.

వారంటీ, ఇన్సూరెన్స్ విషయం కూడా ఈ దశలోనే అడిగి తెలుసుకోండి. మార్పు చేస్తున్నట్టు ఇన్సూరెన్స్ కంపెనీకి ముందే రాతపూర్వకంగా చెప్పాలి.

ఐదో దశ: కాస్త లెక్క

ఇక్కడ కొంచెం ఓపిక పడితే పార్టుల ప్రకటనలు మిమ్మల్ని మోసం చేయలేవు.

గట్టి స్ప్రింగు వేస్తే మలుపులో బరువు బయటి చక్రాల మీదికి మారడం తగ్గుతుందని చాలామంది నమ్ముతారు. తగ్గదు. మారే బరువు మొత్తం ఎంతన్నది కారు బరువు, గురుత్వ కేంద్రం ఎత్తు, ఎడమ కుడి చక్రాల మధ్య దూరం మీద ఆధారపడుతుంది. 1400 కిలోల కారు, 0.5 మీటర్ల గురుత్వ కేంద్రం, 1.55 మీటర్ల చక్రాల ఎడం అనుకుంటే, 1 జీ (కారు బరువంత పక్క బలం పడే) మలుపులో సుమారు 450 కిలోలు లోపలి చక్రాల నుంచి బయటి చక్రాల మీదికి వెళ్తాయి. స్ప్రింగు ఏదైనా అంతే. స్ప్రింగులూ యాంటీ రోల్ బార్లూ (ఎడమ కుడి చక్రాలను కలిపి కారు ఒరగడాన్ని తగ్గించే కడ్డీలు) నిర్ణయించేది ఆ 450లో ముందు జత ఎంత మోయాలి, వెనక జత ఎంత మోయాలి అన్నది. ముందు గట్టిపడితే ముందు టైర్లే ఎక్కువ కష్టపడి అండర్‌స్టీర్ పెరుగుతుంది. వెనక గట్టిపడితే వెనక భాగం జారడానికి సిద్ధమవుతుంది. నాలుగు మూలలూ గట్టిగా ఉంటే కారు బాగుంటుందనే మాటకు ఆధారం లేదు.

రెండోది ఫ్రీక్వెన్సీ. స్ప్రింగు మీద కారు సహజంగా ఎంత వేగంగా ఊగుతుందన్నది హెర్ట్జ్‌లో చెబుతారు. మామూలు కార్లు సుమారు 1 నుంచి 1.5, స్పోర్ట్స్ కార్లు 1.5 నుంచి 2, గాలి కారును కిందికి నొక్కే బలం మీద ఆధారపడని ట్రాక్ కార్లు 2 నుంచి 2.5 దాకా ఉంటాయి. ఒక మూలలో స్ప్రింగు మీద 300 కిలోలు ఉండి, చక్రం దగ్గర గట్టిదనం మిల్లీమీటరుకు 30 న్యూటన్లయితే 1.6 హెర్ట్జ్ వస్తుంది. దాన్ని 60కి పెంచితే 2.25 అవుతుంది. 2 దాటాక పాడైన రోడ్డు మీద టైరు గాల్లోకి ఎగరడం మొదలుపెడుతుంది, పట్టు పోతుంది.

"చక్రం దగ్గర" అన్నానంటే కారణం ఉంది. స్ప్రింగు చక్రానికి సరిగ్గా పైన ఉండదు, చక్రాన్ని పట్టి ఉంచే ఆర్మ్ మీద ఎక్కడో లోపలికి ఉంటుంది. చక్రం 10 మి.మీ. కదిలితే స్ప్రింగు 7 మి.మీ. మాత్రమే నొక్కుకుంటే ఆ నిష్పత్తి 0.7. చక్రం దగ్గరికి వచ్చే గట్టిదనం దాని వర్గం, అంటే 0.49 వంతు. మాక్‌ఫర్సన్ స్ట్రట్‌లో (షాకు, స్ప్రింగు ఒకే నిలువు స్తంభంగా ఉండే రకం) ఇది 1కి దగ్గరగా ఉంటుంది, మల్టీలింక్‌లో (చక్రాన్ని చాలా ఆర్మ్‌లు పట్టుకునే రకం) బాగా తక్కువ. అందుకే ముందుకూ వెనక్కూ ఇచ్చిన స్ప్రింగు అంకెలను నేరుగా పోల్చి "వెనకది గట్టిది" అనేయకూడదు. అమ్మేవాళ్లను ఈ నిష్పత్తి అడగండి. జవాబు చెప్పగలిగితే మంచి షాపు.

ఇక షాకు. స్ప్రింగు రెట్టింపు గట్టిదైతే, అదే తీరులో దాని ఊపును అదుపు చేయడానికి డ్యాంపింగ్ (ఊపును అణచే బలం) సుమారు 41 శాతం పెరగాలి. కంపెనీ షాకు మీద గట్టి స్ప్రింగు వేసిన కారు గతుకు మీద ఎగిరి, కుదురుకోకుండా ఊగడానికి కారణం ఇదే.

ఆరో దశ: ఏ పార్టు, ఎవరికి

కిందికి దించే స్ప్రింగులు చవక, బాగా కనిపిస్తాయి. చిక్కంతా షాకు ప్రయాణంలో, అంటే అది కదలగలిగిన దూరంలో ఉంది. షాకు పైకి నొక్కుకోవడానికి 70 మి.మీ. ఉందనుకోండి. కారును 30 మి.మీ. దించితే 40 మిగులుతుంది. అదే గతుకును ఆ 40లో ఆపాలంటే స్ప్రింగు సుమారు 3 రెట్లు గట్టిగా ఉండాలి. అంత గట్టి స్ప్రింగు ఎవరూ ఇవ్వరు, ఇస్తే కూర్చోలేరు. కాబట్టి కారు తరచూ బంప్ స్టాప్ మీద కూర్చుంటుంది. 15 నుంచి 20 మి.మీ. దించడం దాకా ఫర్వాలేదు, అంతకు మించితే పొట్టి ప్రయాణానికి తగ్గట్టు చేసిన షాకులు తప్పనిసరి. బిల్‌స్టీన్ బీ8 లాంటివి అందుకే ఉన్నాయి. బీ6 కంపెనీ ఎత్తు ఉన్న కార్లకు. రోడ్డు కారు కొంచెం బిగువుగా ఉండాలి, ఎత్తు తగ్గక్కర్లేదు అనుకునేవాళ్లకు కంపెనీ స్ప్రింగు మీద మంచి షాకు వేయడం నాకు బాగా నచ్చే మార్పు. అందరూ తక్కువగా చేసేదీ అదే.

యాంటీ రోల్ బార్‌ది అందరూ తక్కువ అంచనా వేసే బలం. గట్టిదనం మందం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. 20 మి.మీ. బార్ తీసి 22 మి.మీ. వేస్తే 46 శాతం పెరిగినట్టు. ముందు వెనక సమతూకం కొంచెం సర్దాలంటే ఇది చక్కటి దారి. మరీ గట్టిదైతే ఎడమ కుడి చక్రాలు ఒకదానితో ఒకటి ముడిపడి గతుకుల రోడ్డు మీద కారు అటూ ఇటూ తల విసురుతుంది, లోపలి చక్రం పట్టు కోల్పోతుంది.

కాయిలోవర్లు నిజంగా పనికొచ్చేది ట్రాక్‌కు తరచూ వెళ్లేవాళ్లకు. ఎత్తు, క్యాంబర్, డ్యాంపింగ్ అన్నీ మార్చుకోవచ్చు, నాలుగు మూలల బరువు సర్దవచ్చు. కొనేటప్పుడు నాబ్‌ల సంఖ్య చూసి మురిసిపోవద్దు. ఒకే నాబ్‌తో కుదుపునూ తిరుగు ఊపునూ సరిగ్గా అదుపు చేసే మంచి షాకు, మూడు నాబ్‌లున్న నాసి రకం కన్నా ఎంతో మేలు. అడగాల్సినవి వేరే ఉన్నాయి: డైనో గ్రాఫ్ (షాకు బలాన్ని మెషీన్ మీద కొలిచి గీసిన పటం) ఇస్తారా? నాబ్ తిప్పితే రెండు వైపుల షాకులూ ఒకేలా మారతాయా? సీల్ పోతే రీబిల్డ్ చేసేవాళ్లున్నారా, విడి భాగాలు దొరుకుతాయా? ఎత్తు మార్చడం స్ప్రింగు కింది కాలర్ తిప్పడంతోనా, షాకు బాడీ పొడవు మార్చడంతోనా? రెండో రకం అయితే షాకు ప్రయాణం చెడదు. ఓలిన్స్, బిల్‌స్టీన్, కోని, కేడబ్ల్యూ లాంటి పాత షాకు కంపెనీల పేర్లకు విలువ వచ్చింది ఎక్కువగా ఈ ప్రశ్నలకు జవాబులుండటం వల్లే.

పాలీయూరిథేన్ (గట్టి ప్లాస్టిక్ లాంటి పదార్థం) బుష్‌లు ఒకే దిశలో తిరిగే చోట బాగుంటాయి. రెండు మూడు దిశల్లో మెలిక పడే ఆర్మ్‌లలో బిగుసుకుపోతాయి, గ్రీజు ఆరితే కిచకిచమంటాయి. రోడ్డు కారుకు కొత్త రబ్బరు బుష్‌లే చాలు.

ఏడో దశ: ఎత్తు ఎంత తగ్గించాలి

మాక్‌ఫర్సన్ స్ట్రట్ కారును బాగా దించితే లోయర్ ఆర్మ్ చక్రం వైపు పైకి వాలుతుంది. అప్పుడు రోల్ సెంటర్ (మలుపులో కారు ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది) గురుత్వ కేంద్రం కన్నా ఎక్కువగా కిందికి పోతుంది. ఆ రెండింటి మధ్య దూరం పెరిగి, కారు ఒరగాలనే బలం కూడా పెరుగుతుంది. కారు దించిన తర్వాత ఎక్కువ ఒరగడం వింతగా అనిపించినా నిజమే. టై రాడ్ (స్టీరింగ్‌ను చక్రానికి కలిపే కడ్డీ) కోణం కూడా మారి గతుకు మీద స్టీరింగ్ దానంతటదే లాగుతుంది. కారు నేల మీద నిలబడి ఉండగా లోయర్ ఆర్మ్ సమతలంగానో, చక్రం వైపు కొద్దిగా కిందికి వాలిగానో ఉందంటే హద్దులో ఉన్నట్టు. అంతకన్నా దించాలంటే రోల్ సెంటర్ సరిచేసే బాల్ జాయింట్లు, టై రాడ్ ఎండ్లు కూడా కొనాలి. ఖర్చు అక్కడే పెరుగుతుంది. డబుల్ విష్‌బోన్ (చక్రానికి పైనా కిందా ఆర్మ్‌లుండే రకం) కార్లు దీన్ని కాస్త బాగా తట్టుకుంటాయి.

ఎనిమిదో దశ: తీర్పు

రోడ్డు మీదే నడుపుతారు, అప్పుడప్పుడు ఘాట్ రోడ్డు సరదా: మార్చొద్దు. టైర్లు, అలైన్‌మెంట్, అరిగిన భాగాలు, అంతే. రోడ్డు కారే కానీ వేగంలో తేలుతోంది: కంపెనీ స్ప్రింగు మీద మంచి షాకులు. ఏడాదికి రెండు మూడు ట్రాక్ రోజులు: ముందు బ్రేక్ ప్యాడ్లు, బ్రేక్ ఆయిల్, టైర్లు, క్యాంబర్. అవన్నీ అయ్యాక కూడా టైరు బయటి అంచే అరుగుతుంటే అప్పుడు సస్పెన్షన్. తరచూ ట్రాక్‌కు వెళ్తారు, అంటుకునే టైర్లు వాడతారు: మార్చాల్సిందే. ఆ టైర్ల పట్టుకు కంపెనీ స్ప్రింగులు మరీ మెత్తనవుతాయి, కారు ఒరిగి క్యాంబర్ అంతా పోతుంది. ఎలక్ట్రానిక్ షాకు చెడి, దాని ధరకు మంచి మామూలు సెట్ వస్తోందంటే అది కూడా న్యాయమైన కారణమే.

తొమ్మిదో దశ: బిగించేటప్పుడు

మెకానిక్ చేసినా మీరు పక్కనుండి చూడాల్సినవి ఇవి. పని మొదలుపెట్టక ముందు సమతలంగా ఉన్న చోట నాలుగు చక్రాల కేంద్రం నుంచి మడ్‌గార్డ్ అంచు దాకా ఎత్తు కొలిచి రాసుకోండి. అలైన్‌మెంట్ క్యామ్ బోల్టుల స్థానం పెయింట్‌తో గుర్తు పెట్టండి. కారు జాక్ మీద కాదు, స్టాండ్ల మీద నిలబడాలి. ఏబీఎస్ వైరు, బ్రేక్ గొట్టం క్లిప్పుల నుంచి తప్పించి, హబ్ (చక్రం బిగించే భాగం) బరువు వాటి మీద వేలాడకుండా కట్టండి. యాంటీ రోల్ బార్ లింకులు రెండు వైపులా విప్పితే పని సులువు. స్ప్రింగును షాకు మీది నుంచి తీయాలంటే సరైన స్ప్రింగ్ కంప్రెసర్ ఉండాలి. నొక్కి ఉన్న స్ప్రింగు జారితే ప్రాణం మీదికి వస్తుంది, అలవాటు లేనివాళ్లు ఈ ఒక్క పని షాపులో చేయించుకోండి.

షాకు పై నట్టును ఇంపాక్ట్ గన్‌తో బిగించనివ్వొద్దు. రాడ్ గిరగిరా తిరిగి లోపలి సీల్ పాడవుతుంది. ఇక చాలా చోట్ల జరిగే పొరపాటు: కారు గాల్లో, చక్రాలు వేలాడుతుండగానే రబ్బరు బుష్‌ల బోల్టులు చివరిదాకా బిగించేయడం. ఆ రబ్బరు లోపలి గొట్టానికి అతికి ఉంటుంది కాబట్టి, కారు కిందికి దిగగానే శాశ్వతంగా మెలిక పడిపోతుంది. కారు ఎత్తు వంకరగా ఉంటుంది, బుష్ తొందరగా చిరుగుతుంది. బోల్టులు వదులుగా ఉంచి, కారు బరువు చక్రాల మీద పడ్డాకే టార్క్ రెంచ్‌తో కంపెనీ చెప్పిన కొలతకు బిగించాలి. ఒకసారే వాడాలని మాన్యువల్ చెప్పిన బోల్టులకు కొత్తవే వాడండి.

కాయిలోవర్ బాడీకీ టైరుకూ మధ్య ఖాళీ ఉందో లేదో, స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి చూడండి. కొన్నాళ్లు నడిపి స్ప్రింగులు కుదురుకున్నాక అలైన్‌మెంట్ చేయించండి, అన్ని బోల్టులూ మరోసారి టార్క్ చూడండి. హెడ్‌లైట్ల ఎత్తు సరిచేయడం, అవసరమైన కార్లలో స్టీరింగ్ యాంగిల్ సెన్సర్ రీసెట్ చేయడం మర్చిపోవద్దు. నాలుగు మూలల బరువు సర్దేటప్పుడు డ్రైవరు సీట్లో మీ బరువు ఉండాలి, బార్ లింకులు విప్పి ఉండాలి. ఎదురెదురు మూలల జత మొత్తం బరువులో 50 శాతానికి దగ్గరగా రావాలి.

పదో దశ: సెట్ చేయడం

డ్యాంపర్ నాబ్‌ను పూర్తిగా బిగించి, అక్కడి నుంచి ఎన్ని క్లిక్‌లు వెనక్కి తిప్పారో లెక్కపెట్టడం మామూలు పద్ధతి. తయారీదారు చెప్పిన సెట్టింగు దగ్గర మొదలుపెట్టి, ఒకే రోడ్డు మీద, ఒకే టైర్ ప్రెషర్‌తో, ఒకసారికి ఒక్కటే మార్చండి. మొదట రెండు మూడు క్లిక్‌లు ఒకేసారి తిప్పండి, ఒక్క క్లిక్ తేడా చాలామందికి తెలియదు. గతుకు తర్వాత ఊగుతుంటే రీబౌండ్ (నొక్కుకున్న షాకు తిరిగి సాగేటప్పటి డ్యాంపింగ్) పెంచండి. వరస గతుకుల మీద కారు కిందికి కిందికి కుంగుతూ పోతుంటే రీబౌండ్ ఎక్కువైందని అర్థం, తగ్గించండి. ట్రాక్‌లో అయితే కారు ఆగిన వెంటనే టైరు లోపల, మధ్య, బయట మూడు చోట్ల వేడి కొలవండి. బయటి అంచు ఎక్కువ వేడిగా ఉంటే క్యాంబర్ చాలడం లేదు. మధ్య వేడిగా ఉంటే గాలి ఎక్కువైంది.

మొదటి దశలో ఫిర్యాదు రాసుకున్న కాగితం తీసి పోల్చి చూడండి. రాసుకున్న ఫిర్యాదు అలాగే ఉంటే, ఇంకో పార్టు కొనే ముందు రెండో, మూడో దశలకు మళ్లీ వెళ్లండి. తీసిన కంపెనీ సెట్‌ను పారేయవద్దు. కారు అమ్మేటప్పుడు కంపెనీ సెట్ ఉంటే కొనేవాళ్లు ఎక్కువ మంది దొరుకుతారు. బోల్టులు ఏవి ఎక్కడివో చీటీలు కట్టి ఉంచండి. ట్విన్ ట్యూబ్ (ఒకదానిలో ఒకటి రెండు గొట్టాలున్న) షాకులను నిలువుగా పెట్టండి. మళ్లీ బిగించే ముందు నిలువుగానే పట్టుకుని నాలుగైదు సార్లు పూర్తిగా నొక్కి లాగితే లోపలి గొట్టంలో చేరిన గాలి అందులోంచి తప్పుకుంటుంది.